నమిలే చప్పుడు పడదు

మాఘమాసం, గురువారం, పగలు పదకొండున్నర గంటలు. మా మిరపకల్లంలో, పట్టా కట్టిన నీడలో అందరం అన్నాలు తింటున్నాం. నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచి నిలబడ్డాను. పక్కనే కూర్చుని తింటున్న నా తోటికోడలితో, "అక్కా, నీ పక్కన కూర్చుని తినడం నాకు పడదు" అన్నాను.

అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. తిప్పి చెప్పడం, తేనె పూసి చెప్పడం నాకు ముందునుంచీ రాదు. అక్షరాలు కూడా ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. వచ్చిన నాలుగు మాటలకీ సింగారం చేసే ఓపిక నాకు లేదు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, మా ఆయన అన్నగారి భార్య. ఒకే వీధిలో రెండిళ్ళ ఎడంలో మా కాపురాలు. మా ఆయన ముందే పోయాడు. బావగారు పోయిన వానాకాలంలో పోయారు. దర్శిలో ఉన్న కూతురు వచ్చి తల్లిని తనతో తీసుకుపోతానంది. అక్కకి ఇష్టం లేదు. "అల్లుడింట్లో నాకు ముద్ద దిగదు. ఇక్కడైతే గట్టుమీద కూర్చున్నా గాలన్నా నాది" అంది. అప్పుడు మా అబ్బాయి, "నువ్వెక్కడికీ పోవద్దు పెద్దమ్మా, మా ఇంటికొచ్చెయ్. నువ్వూ అమ్మా ఒక పొయ్యి" అన్నాడు. ఒక పొయ్యి అనగానే అందరి మొహాలూ వెలిగాయి. నా గుండె మాత్రం జారింది. ఒక పొయ్యి అంటే ఒక వేళ, ఒక గది, ఎదురెదురు కంచాలు.

దానికి తోడు మా అబ్బాయి ఆమెను ఒంగోలు తీసుకెళ్ళి పళ్ళు కట్టించాడు. ఎన్నాళ్ళనుంచో చారన్నం పిసుక్కుని మింగిన మనిషికి ఒక్కసారి నోటినిండా పళ్ళొచ్చాయి. చేగోడీలు కొరికింది, చెరుకు కొరికింది. ఆరోజు కల్లంలో వేయించిన చల్లమిరపకాయలు తెచ్చుకుంది. ముందు కరకర, ఆ వెనక కట్టుడు పళ్ళు ఒకదానికొకటి తగిలే టక్కు, ఆ తర్వాత మజ్జిగన్నం జుర్రిన తడి చప్పుడు. మళ్ళీ కరకర. మళ్ళీ టక్కు.

ఆ చప్పుడు నాకు చెవిలోంచి పోదు, చిగుళ్ళలోంచి పోతుంది. మెడ వెనక ముందు వేడి పుడుతుంది. అక్కడినుంచి భుజాల్లోకి, వేళ్ళలోకి దిగుతుంది. ఎదుటి మనిషి మొహం దూరమైపోయి నోరొక్కటే మిగులుతుంది. లోకమంతా ఆ ఒక్క నోరే. లేచి పారిపోవాలి, లేదా చేతిలో ఉన్నది విసిరికొట్టాలి. నేను విసిరే రకం కాదు, లేచే రకం. లేచాను. నోట్లోంచి ఆ మాటా వచ్చింది.

అక్క నమలడం ఆపింది. నావైపు చూసింది.

"పడదా?" అంది. "ఇంట్లోకి రమ్మన్ననాడు పడింది. ఇప్పుడు కంచం దగ్గర పడలేదు. మంచిదేలే. పడని చోట పడుండటానికి నేనేమన్నా రాయినా?"

చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మా అబ్బాయికి ఫోన్ చేసింది. "ఒరే అబ్బాయ్, సాయంత్రం దర్శి బస్సెక్కించు నన్ను. బట్టలు తర్వాత పంపిద్దువుగాని" అని పెట్టేసింది. పెట్టేసి ట్రాక్టరు ట్రక్కు నీడలోకి పోయి మాకు వీపు పెట్టి కూర్చుంది.

తొడిమలు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో పెద్దావిడ, "అన్నం ముందునుంచి లేవకూడదు పిన్నమ్మా, కంచం ఏడుస్తది" అంది.

"ఏడవనీ. నాకంటే ఎక్కువ ఏడుస్తదా?" అన్నాను.

మా మనవరాలు, మా అబ్బాయి కూతురు, గుంటూరులో చదువుతోంది. సెలవలకి వచ్చింది. ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా నిలబడి, "నాయనమ్మా, డాక్టర్ చెప్పమన్నది ఇలాగా?" అంది. నేను చెప్పులు వదిలేసి ఆరబోసిన మిరపకాయల్లోకి దిగాను.

ఎండుమిరపకాయల్ని కాళ్ళతో తిరగేస్తాం మేము. పాదం ఎత్తకుండా నేలకి రాస్తూ నడిస్తే కాయలు పక్కలకి ఒరిగి, వెనక సాలు పడుతుంది. లోపల గింజలు ఆడి గలగలమంటాయి. ఆ చప్పుడు ఎంత పెద్దదైనా నాకు పడుతుంది. కళ్ళు మూసుకుంటే అది వాన. ఎర్రటి వాన. నడుస్తుంటే మోకాళ్ళ కింద నేను లేనట్టే ఉంటుంది. ఎండ పైనుంచి కాకుండా కాయల్లోంచి పుట్టి నాలోకి ఎక్కుతున్నట్టు ఉంటుంది. ఘాటుకి కళ్ళనీళ్ళు కారితే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ మిరప మా ఊరి ఆడవాళ్ళకి చేసిన మేలు అది. ఏ ఏడుపైనా ఘాటు కింద జమ.

అలా నడుస్తూ ఎక్కడెక్కడికో పోయాను.

చిన్నప్పుడు మా పుట్టింట్లో పత్తి గది ఉండేది. తీసిన పత్తి ధర వచ్చేదాకా ఆ గదిలో పోసేవాళ్ళు, దూలాల దాకా. ఇంటికి చుట్టాలొచ్చి, వరసగా కూర్చుని, అరటిపళ్ళో అరిసెలో తింటుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకేవి. మిగతా పిల్లలు తినేదాని చుట్టూ మూగితే నేను పత్తి గదిలోకి పోయేదాన్ని. పత్తిని చేతులతో తవ్వుకుని లోపలికి దిగితే, పైన అదే మూసుకునేది. లోపల పచ్చి గింజ వాసన, ఎండ వాసన. ఇంకేమీ వినపడదు. నా గుండె నాకు వినపడేది, అది కూడా ఎవరో దూరంగా ఎక్కడో వడ్లు దంచుతున్నట్టు. అమ్మ పిలిచేది. పిలుపు దూది అవతల ఎక్కడో ఆగి, మెత్తబడి, పిలుపని తెలియకుండా పోయేది. నేను దాగుడుమూతలు ఆడుతున్నాననుకునేవాళ్ళు. చావు అంటే ఇలాగే ఉంటుందేమో, అయితే భయం లేదు అని అప్పుడే అనుకున్నాను. పిల్లలకి రాకూడని ఆలోచనే, కానీ వచ్చింది.

కాపురానికి వచ్చాక ఈ బాధే నాకు మంచి పేరు తెచ్చింది. నవ్వొస్తుంది తలుచుకుంటే. మా రోజుల్లో మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు, ఆడవాళ్ళలో కూడా కోడళ్ళు ఆఖరున. నేను ఆఖరికి కూడా ఆఖరున, అందరూ లేచాక, పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని ఒక్కదాన్నే తినేదాన్ని. అత్తగారు ఊరంతా చెప్పింది, నా చిన్నకోడలు అందరి కడుపులూ నిండితే గాని మెతుకు ముట్టదని. ఆ కడుపులు ఎంత చప్పుడుతో నిండుతాయో ఆవిడకేం తెలుసు.

మా ఆయన నెమ్మదైన మనిషి. చెయ్యెత్తి కొట్టలేదు, మాటెత్తి తిట్టలేదు. కానీ పెరుగన్నం జుర్రేవాడు. ఆయన పీట మీద కూర్చోగానే నేను రోట్లో పచ్చడి నూరడం మొదలుపెట్టేదాన్ని. రోలు మోగుతుంటే జుర్రడం వినపడదు. రోజూ వేడివేడిగా కొత్త పచ్చడి పెడుతుందని ఆయన మురిసిపోయేవాడు. పోయే ముందు కూడా, మంచంలో పడుకుని, "నువ్వు నూరిన పచ్చడి తిని బతికానే" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. అబద్ధం చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆయన పోయాకే నేను బడికి పోయాను. పెద్దవాళ్ళ కోసం బడి వరండాలో సాయంత్రాలు చదువు చెప్పేవాళ్ళు. అందరం కలిసి గట్టిగా చదవాలి. అంతమంది గొంతులు కలిస్తే బాగానే ఉండేది, కాలవ పారినట్టు. కొన్నాళ్ళకి పంతులమ్మ, "ఇక పెదాలు కదపకుండా మనసులో చదువుకోండి" అంది. నాకు అర్థం కాలేదు. చదవడమంటే నోటితో చేసే పని అనుకున్నాను. పెదాలు బిగించి చూశాను. అక్షరం మీద చూపు పెట్టగానే మాట లోపల వెలిగింది. 'నీరు' అని ఉంది. నీరు వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. వరండా, పిల్లల బల్లలు, పక్కన కూర్చున్నావిడ పళ్ళ సందుల్లో వక్కపలుకు, అన్నీ వెనక్కి పోయాయి. పత్తి గదిలోకి మళ్ళీ దిగినట్టయింది. అప్పట్నుంచి కాగితం కనిపిస్తే వదలను. పొట్లం కట్టిన కాగితమైనా సరే, పప్పులు ఒంపేసి చదువుతాను.

పళ్ళు కట్టించుకున్న అక్క మా ఇంటికి చేరిన కొత్తల్లో నేను చెవుల్లో దూది పెట్టుకుని అన్నానికి కూర్చున్నాను. మా దగ్గర చెవుల్లో దూది బాలింతలు పెట్టుకుంటారు. పాలు పోయడానికి వచ్చినావిడ నన్ను చూసి గుమ్మంలోనే ఆగి, "ఏంది పిన్నీ, ఎన్నో నెలలో కన్నావు? మగా ఆడా?" అంది. అక్క నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు చేత్తో పట్టుకుంది. నేనూ నవ్వాను. కానీ ఆ దూది తీశాక వచ్చిన కరకర అంతకు ముందుకంటే పదునుగా ఉంది. అదొక కొత్త సంగతి. చెవులు మూసేకొద్దీ అవి ఇంకా చురుకవుతాయి, కట్టేసిన కుక్కల్లాగా.

నేను తిండి తగ్గించడం మా మనవరాలు కనిపెట్టింది. దానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. గుంటూరులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు మూశారు. గోడలకి మెత్తలు. బయట అంత పెద్ద ఊరు, ఆటోలు, హారన్లు, ఒక్కటీ లోపలికి రాలేదు. చెవులకి పెట్టినదాంట్లోంచి ఈల లాంటి చప్పుళ్ళు ఒకదాని తర్వాత ఒకటి సన్నగా వచ్చాయి, చీకట్లో మిణుగురుల్లాగా. వినపడగానే చెయ్యెత్తాలి. అన్నిటికీ ఎత్తాను. చివర్లో రాని చప్పుడుకి కూడా ఎత్తాననుకుంటాను. తలుపు తీస్తే లేవబుద్ధి కాలేదు.

డాక్టరు చిన్నవాడే. "అమ్మా, మీ వయసుకి ఇంత బాగా వినపడేవాళ్ళు తక్కువ" అన్నాడు.

"వినపడటమే నా బాధ నాయనా" అన్నాను.

ఆయన నవ్వలేదు. అందుకని నచ్చాడు. కాగితం మీద పేరు తెలుగులో రాయమన్నాను. రాశాడు. మిసోఫోనియా. ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాను. ఇది చెవి జబ్బు కాదనీ పొగరు కూడా కాదనీ చెప్పాడు. కొందరికి కొన్ని చప్పుళ్ళు, ముఖ్యంగా నమలడం, జుర్రడం, ముక్కు ఎగబీల్చడం లాంటివి, లోపల అపాయం గంట కొడతాయట. ఆ గంట కొట్టాక కోపం, మంట, పారిపోవాలనిపించడం మన చేతిలో ఉండవట.

"ఇంకో సంగతమ్మా" అన్నాడు. "బస్సులో ఎవరో తింటుంటే అంత ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్ళు, దగ్గరివాళ్ళు తింటేనే చాలామందికి ఎక్కువగా ఉంటుంది."

నేను నేలవైపు చూశాను. పరాయివాళ్ళ మీద లేని మంట నా అనుకున్నవాళ్ళ మీదే ఎందుకని నాలో నేనే ఎన్నిసార్లు అడుక్కున్నానో. నాది చెడ్డ మనసేమో అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మనవరాలికి కూడా.

దీనికి బిళ్ళ లేదన్నాడు. చెవులు ఎప్పుడూ మూసుకుని ఉండొద్దు, అలవాటైతే ఇంకా పదునెక్కుతాయి అన్నాడు. తినేచోట ఫ్యానో రేడియోనో ఏదో ఒక చప్పుడు ఉంచుకోమన్నాడు. నోరు కనపడేటట్టు ఎదురుగా కూర్చోకుండా పక్కకి తిరిగి కూర్చోమన్నాడు. మరిగిపోయేదాకా ఆగకుండా, ముందే "ఇప్పుడే వస్తా" అని లేచి కాస్త తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చోమన్నాడు. అన్నిటికంటే ముందు ఇంట్లో వాళ్ళకి చెప్పమన్నాడు, కోపం లేని వేళ చూసి, నెమ్మదిగా.

మిగతావన్నీ చేశాను. చివరిదే వాయిదా వేశాను. మొగుడు పోయి ఏడాది కూడా నిండని మనిషితో, కొత్త పళ్ళతో రుచులు మళ్ళీ చూస్తున్న మనిషితో, నువ్వు నమలడం నేను భరించలేనని ఏ నోటితో చెప్పను? చెప్పక చెప్పక, చెప్పకూడని వేళ చెప్పాను. అదీ కల్లంలో, కూలీల ముందు.

కాయల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాను, మా అబ్బాయి బండి వచ్చింది. బండి స్టాండు వెయ్యకుండానే కేకేశాడు.

"ఏందమ్మా, పెద్దమ్మ బస్సంటంది. ఏమన్నావు?"

"పడదన్నా."

"ఏం పడదు?"

"తినడం."

"ఎవురు తినడం?"

"ఆవిడ తినడం."

"ఆవిడ తింటే నీకు పడకపోవడమేంది? ఆవిడేమన్నా నీ పొట్టలో తింటందా?"

తొడిమలు తీసే చిన్నావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా మనవరాలు ఫోన్ పట్టుకుని ట్రక్కు దగ్గరికి పోయింది. "పెద్ద నాయనమ్మా, కోప్పడకుండా విను. దీన్ని మిసోఫోనియా అంటారు. ఇదిగో, ఇక్కడ రాసుంది."

"ఏంది, మిరపకి కొట్టే మందా?" అంది అక్క, తిరక్కుండానే.

"కాదు, ఒక బాధ. కొన్ని చప్పుళ్ళు..."

"పేరు పెడితే పొగరు రోగమైపోద్దా అమ్మాయ్? దాని కొత్త కాపురం నించీ చూస్తన్నా దాన్ని. నాతో ఏనాడన్నా కూర్చుని తినిందేమో అడుగు. పెళ్ళిలో పేరంటంలో పక్కన కూర్చుంటే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపొయ్యేది. నాకు కనపడనట్టే ఉన్నా. కనపడక కాదు."

ఆ మాట నాకు తగిలింది. ఆమెకి తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలిసి, మరో అర్థం చేసుకుని, అడక్కుండా ఉంది. మా ఇంటికి రావడానికి ఒప్పుకున్ననాడు అదంతా మింగే ఒప్పుకుంది.

అప్పుడే డొంకలోంచి పక్క చేనువాళ్ళ ట్రాక్టరు పోయింది, పత్తి బోరేలు ఎత్తుకుని. బోరేల నోళ్ళు సరిగా కుట్టలేదు. దాని వెనక గాలిలో నూగు తేలుతూ వచ్చింది. ఎండలో తెల్లగా, నెమ్మదిగా, కిందికి దిగాలని లేనట్టు. కల్లం మీదికి, ఎర్రటి కాయల మీదికి, మా తలల మీదికి వచ్చి వాలింది. చూడ్డానికి ఎంత బాగుందో. ఆ వెంటనే అక్కకి దగ్గు అందుకుంది.

ఆమెకి పత్తి నూగు పడదు. ఊపిరి కట్టేస్తుంది. నేను ఏమీ ఆలోచించకుండానే పోయి, ఆమెని లేపి గాలికి ఎదురు వైపు తిప్పి, నా కొంగు తడిపి ముక్కుకి అడ్డం పెట్టాను. మామూలే అది. కాపురానికి వచ్చిన ఏడాదినుంచీ చేస్తున్నదే. పత్తి తీతకి ఆమె వంతు కూడా నేనే పోయేదాన్ని. ఆమె నా బదులు మిరప కోతకి పోయేది. దగ్గు తగ్గాక నా కొంగు తోసేసింది.

"పో అవతలికి. పడనిదాని ముక్కెందుకు తుడుస్తావు?"

అప్పుడు తోచింది.

"నీకు పత్తి పడదు గదా. ఇన్నేళ్ళలో ఎవరన్నా నిన్ను అడిగారా, పత్తి మీద నీకెందుకే అంత పగ అని?"

"పత్తి మీద పగేంది? దగ్గొస్తది గాబట్టి పోను."

"నీకు దగ్గొస్తది. నాకు మంటొస్తది. నమిలే చప్పుడు నాకు అలాగే పడదు. ఈ తొడిమలు తీసే పెద్దామెకి వంకాయ పడదు, ఇంకొకళ్ళకి చేప పడదు. నాకు చప్పుడు పడదు. నువ్వు పడవని కాదు."

"పత్తి దూది! నేను మనిషినే!" అంది గట్టిగా.

"మనిషివి గాబట్టే. దగ్గరోళ్ళది అయితేనే బాధ ఎక్కువంట. డాక్టరు చెప్పాడు. నువ్వు పరాయిదానివైతే ఇందాక నా కంచం ఖాళీ చేసి లేచేదాన్ని."

మా అబ్బాయి బండి తాళం చేతిలో తిప్పుతున్నాడు. అక్క నావైపు తిరిగి నా మొహం వెతికింది, అబద్ధం ఎక్కడన్నా దొరుకుతుందేమో అని. పత్తి నూగు ఒకటి ఆమె కనురెప్ప మీద వాలితే నేను తీశాను. తీయనిచ్చింది.

"మా మరిదితో ఎట్టా వేగావే మరి? ఆయన జుర్రితే బజారుకి వినపడేది" అంది.

"రోలు."

"ఏంది?"

"పచ్చడి నూరేదాన్ని."

అక్క నోరు తెరిచింది. "ఓసి నీ దుంపతెగ! మా అత్త చచ్చిందాకా నన్ను సాధించింది గదే, 'చిన్నదాన్ని చూసి నేర్చుకో, మొగుడు పీటెక్కగానే రోలెక్కుద్ది' అని! నీ చెవుల కోసం నా వీపు కాయలు కాయించావు గదే!"

పెద్దావిడ ముందు నవ్వింది. తర్వాత మా మనవరాలు. అక్కకి నవ్వూ దగ్గూ కలిసిపోయి కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకూ వచ్చాయి. ఘాటు అనుకోవచ్చు.

ఇక ఆమె ఊరుకుంటుందా? పరీక్ష మొదలుపెట్టింది. కట్టుడు పళ్ళు టకటకలాడించి, "ఇది పడుద్దా?"

"పడదు."

ముక్కు ఎగబీల్చింది. "ఇది?"

"అస్సలు పడదు. ఆపు."

"గురక?"

"గురక పడుద్ది."

"గురక పడుద్దంట, నమలడం పడదంట! దేవుడు నిన్ను తిక్కరోజున చేశాడే." కొంచెం ఆగి, చిన్న గొంతుతో, "ఏడిస్తే? రాత్రిళ్ళు ఒకోసారి మీ బావ గుర్తొస్తాడు."

"ఏడుపు పడుద్ది అక్కా. అది ఎంతసేపైనా పడుద్ది" అన్నాను.

ఆమె మొహం తిప్పుకుంది. ఆ తర్వాత మా అబ్బాయితో అంది, "ఒరే, నువ్వు పోరా. ఎండలో ఎందుకు నిలబడ్డావు?"

"బస్సో?"

"ఏ బస్సు? దర్శికి బస్సులు రేపుండవా? పోయేటప్పుడు ఆ ఇంటికాడ వంటగదిలో ఫ్యాను సరిగా తిరగడం లేదు, దాని సంగతి చూడు. పెద్దగా మోగేదైనా సరే, మోగేదే బిగించు."

వాడు నెత్తి కొట్టుకుని వెళ్ళాడు.

నా కంచంలో ముద్ద ఆరిపోయింది. అక్క దాన్ని కాకులకి వేసి, కారియర్లో ఉన్నది మళ్ళీ పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వు ఆ పక్కకి తిరిగి తిను. నేను ఈ పక్కకి తిరిగి తింటా. మధ్యలో ఈ పిల్ల మిరపకాయలు తిరగేస్తది" అంది. మనవరాలు చెప్పులు విప్పి కాయల్లోకి దిగింది. గలగలలో అక్క కరకర సగమే వినపడింది. సగం వినపడింది. మెడ వెనక వేడి పుట్టింది కూడా. "ఇప్పుడే వస్తా" అని లేచి గట్టు దాకా పోయి, గాలి పీల్చుకుని వచ్చి కూర్చున్నాను. ఈసారి ఆమె నావైపు చూడలేదు, మాట అనలేదు. అన్నం నాకు దిగింది.

బాధ పోయిందని రాయను. పోలేదు, పోదు కూడా. ఇప్పుడు మా వంటగదిలో ఫ్యాను లారీ ఇంజనులా మోగుతుంది. ఎదురెదురు కూర్చోం, వాకిట్లోకి చూస్తూ పక్కపక్కన కూర్చుంటాం. కొన్ని రోజులు పూర్తిగా తిని లేస్తాను. కొన్ని రోజులు మధ్యలో పెరట్లోకి పోతాను. తన నమలడం అయిపోయాక అక్క, "రావే, మబ్బు విడిచింది" అని కేకేస్తుంది. రాత్రి నిద్ర తక్కువైన రోజు నాకు ఎక్కువ మంటగా ఉంటుందని ఆమే కనిపెట్టింది. ఆ రోజుల్లో చేగోడీల డబ్బా తనే పైన పెడుతుంది. దర్శి కూతురు ఫోన్ చేస్తే, "మీ పిన్నికి పడనివన్నీ తెలిసింది నాకొక్కదానికే, నేనెట్టా వస్తా?" అంటోంది.

ఊళ్ళో ఈ సంగతి తలోరకంగా తిరిగింది. నేను తోటికోడల్ని కంచం ముందునుంచి లేపేశానని ఒకళ్ళు, ఆస్తి గొడవని ఒకళ్ళు. అందుకని ఆరోజు కల్లంలో ఎవరెవరున్నారో రాసి ఆపుతాను, కావలసినవాళ్ళు పోయి అడుక్కోవచ్చు. నేను. నా పెద్ద తోటికోడలు. ఆలస్యంగా వచ్చి ముందుగా వెళ్ళిన మా అబ్బాయి. గుంటూరు నుంచి వచ్చిన మా మనవరాలు. తొడిమలు తీసిన ఇద్దరిలో పెద్దావిడ, మా ఊరే. చిన్నావిడ, పర్చూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఇంకెవరూ లేరు.